బ్యూరెట్‌తో ఎలక్ట్రాన్లు లెక్కపెట్టడం: లోహ అయాన్ ఆక్సీకరణ సంఖ్య ఎంత మారిందో టైట్రేషన్‌తో తేల్చడం ఎలా?

తిరుపతిలో ఇంటర్ ఎంపీసీ, బైపీసీ చదివినవాళ్లకైనా, డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకున్నవాళ్లకైనా మోర్ లవణం (ఫెర్రస్ అమోనియం సల్ఫేట్), పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని కొలిచి పోస్తూ ఇంకోదానితో చర్య ఎక్కడ ముగుస్తుందో చూడటం) కొత్త కాదు. బ్యూరెట్‌లో ఊదా రంగు ద్రావణం, కింద శంకాకార కుప్పె, చివర్లో లేత గులాబీ రంగు, ఆపైన రికార్డులో ఒక సూత్రం. అందరూ ఈ ప్రయోగాన్ని వాడేది ఒకే పనికి, గాఢత కనుక్కోవడానికి. దీన్నే తిప్పి అడగొచ్చు. రెండు ద్రావణాల గాఢతలూ ముందే తెలుసనుకోండి. అప్పుడు బ్యూరెట్ రీడింగు చెప్పేది ఇంకో సంగతి: ఒక్కో లోహ అయాన్ ఎన్ని ఎలక్ట్రాన్లు వదిలింది, లేదా ఎన్ని తీసుకుంది. అంటే దాని ఆక్సీకరణ సంఖ్య ఎంత మారింది.

ఫెర్రస్ ఫెర్రిక్ అవుతుంది, +2 నుంచి +3 కి వెళ్తుంది అని పుస్తకంలో చదివి ఒప్పుకోవడం వేరు. ఆ "ఒకటి" అనే మార్పును మీ చేతి మీదుగా రాబట్టడం వేరు. రెండోది ఒకసారి చేసినవాళ్లకు ఆక్సీకరణ సంఖ్య బట్టీ పట్టే విషయంగా ఉండదు. అందుకే ఇది మొదటి నుంచి చివరి దాకా వివరంగా రాస్తున్నాను.

ముందు నార్మాలిటీని పక్కన పెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క మాట మాత్రమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఆక్సీకరణ సంఖ్య మార్పు కనుక్కోవాలంటే నార్మాలిటీ (లీటరులో ఎన్ని తుల్యభారాలు) వాడకూడదు, మొలారిటీలోనే (లీటరులో ఎన్ని మోల్స్) లెక్క చేయాలి.

కారణం సూటిగా ఉంది. తుల్యభారం అంటే అణుభారాన్ని మారిన ఎలక్ట్రాన్ల సంఖ్యతో భాగించగా వచ్చేది. మోర్ లవణం తుల్యభారం 392 అని రాసుకున్నారంటే, ఇనుము ఒక ఎలక్ట్రాన్ వదులుతుందని అప్పటికే ఒప్పుకున్నట్టు. ఆ నార్మాలిటీతో టైట్రేషన్ చేసి "ఒక ఎలక్ట్రాన్ మార్పు వచ్చింది" అని తేల్చితే, మీరు పెట్టిందే మీకు తిరిగి వచ్చింది. అందులో ప్రయోగం చెప్పింది ఏమీ లేదు. మన దగ్గర ల్యాబుల్లో నార్మాలిటీ సూత్రం అలవాటు ఎంత గట్టిగా ఉందంటే, ఈ లెక్కకు కూడా పెన్ను దానివైపే పోతుంది. ఆపుకోండి.

అలాగని అసలు ఏమీ తెలియకుండా మొదలుపెట్టలేం. రెండు వైపులలో ఒకవైపు ఎన్ని ఎలక్ట్రాన్లో కచ్చితంగా తెలిసి ఉండాలి. ఆ తెలిసినవైపు నుంచి తెలియనివైపుకు నడుస్తాం. ఆమ్లంలో పర్మాంగనేట్ అయాన్ 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది (మాంగనీసు +7 నుంచి +2 కి). డైక్రోమేట్ 6 తీసుకుంటుంది, దానిలోని రెండు క్రోమియంలు +6 నుంచి +3 కి దిగుతాయి కనుక. సీరియం +4 నుంచి +3 కి, ఒక్కటే. ఇచ్చేవాటిలో ఆక్జాలిక్ ఆమ్లం అణువుకు 2 ఎలక్ట్రాన్లు, థయోసల్ఫేట్ అయాన్ అయొడిన్‌తో చర్య జరిపేటప్పుడు 1.

లెక్క ఎలా ఉంటుందో ముందు కాగితం మీద చూడండి

ల్యాబులోకి వెళ్లేముందు ఒక చిన్న ఉదాహరణ. ఒక లోహ అయాన్ +2 స్థితిలో ఉంది. దాని గాఢత 0.03 మోలార్. అందులో 20 మి.లీ. తీసుకుంటే ఆమ్లంలో 0.01 మోలార్ పర్మాంగనేట్ 24 మి.లీ. ఖర్చయింది. ఆ లోహం ఏ స్థితికి వెళ్లింది?

మి.లీ. లను మొలారిటీతో గుణిస్తే మిల్లీమోల్స్ వస్తాయి. లోహం: 20 × 0.03 = 0.60 మిల్లీమోల్. పర్మాంగనేట్: 24 × 0.01 = 0.24 మిల్లీమోల్. పర్మాంగనేట్ తీసుకున్న ఎలక్ట్రాన్లు: 0.24 × 5 = 1.20 మిల్లీమోల్. ఇవన్నీ లోహం దగ్గర్నుంచే రావాలి, ఇంకెక్కడి నుంచీ రావు. కాబట్టి ఒక్కో అయాన్ ఇచ్చింది 1.20 ÷ 0.60 = 2. ఎలక్ట్రాన్లు పోతే ఆక్సీకరణ సంఖ్య పెరుగుతుంది: +2 కాస్తా +4. తగరం ఇలాగే ప్రవర్తిస్తుంది.

ఇంతే. ఇక్కడ నేర్చుకోవాల్సిన గణితం గుణకారం, భాగహారం. కష్టమంతా కుప్పెలో ఆ ఎలక్ట్రాన్లను ఇంకెవరూ కాజేయకుండా చూడటంలో ఉంది.

నీళ్లు, గాజు సామాను

మన జిల్లాల్లో చాలా ఊళ్లలో బోరు నీళ్లకు సబ్బు నురగే రాదు. ఆ నీళ్లతో ద్రావణాలు కలపకండి. కాఠిన్యం ఒక్కటే అయితే పెద్ద నష్టం లేదు గాని, అందులో క్లోరైడ్ ఉంటుంది, పర్మాంగనేట్ పనికి అది శత్రువు. స్వేదనజలం వాడండి. ల్యాబులో స్టిల్ పనిచేయకపోతే బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ డబ్బా పనికొస్తుంది, కానీ ఒక చిన్న పరీక్ష చేయండి. ఆ నీళ్లు 50 మి.లీ. తీసుకుని, కొంచెం సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, ఒక చుక్క పర్మాంగనేట్ వేయండి. పావుగంట తర్వాత కూడా గులాబీ రంగు నిలిచి ఉంటే నీళ్లు మంచివి.

బ్యూరెట్‌ను అందులో పోయబోయే ద్రావణంతోనే తొలపండి, పిపెట్‌ను కూడా అలాగే. శంకాకార కుప్పెను మాత్రం స్వేదనజలంతోనే తొలపాలి. కుప్పెను లోహ ద్రావణంతో తొలిపితే గోడలకు అంటిన నాలుగు చుక్కలు మీ 20 మి.లీ. లెక్కలోకి రావు గాని, ఎలక్ట్రాన్లు మాత్రం ఇస్తాయి. పిపెట్‌కు రబ్బరు బల్బు వాడండి, నోటితో పీల్చవద్దు.

ఎండాకాలంలో తిరుపతి ల్యాబుల్లో వేడి గురించి కొందరు టెన్షన్ పడతారు. కుప్పె మీద 20 డిగ్రీలనో 27 డిగ్రీలనో ముద్రించి ఉంటుంది, గదిలో 37 ఉంటుంది. పది డిగ్రీల తేడాకు నీటి పరిమాణంలో వచ్చే మార్పు నూటికి అర వంతు కూడా ఉండదు. మనకు కావాల్సింది పూర్ణాంకం, కనుక దీన్ని పట్టించుకోనక్కర్లేదు. ఈ ప్రయోగంలో ఉన్న సుఖమే అది. గాఢత కనుక్కునేటప్పుడు 0.98 కి, 1.00 కి మధ్య ఉండే తేడాకు మార్కులు పోతాయి. ఇక్కడ రెండింటికీ జవాబు ఒకటే.

పర్మాంగనేట్‌ను సిద్ధం చేయడం

లీటరు నీటిలో సుమారు 3.2 గ్రాముల పర్మాంగనేట్ కరిగిస్తే దాదాపు 0.02 మోలార్ వస్తుంది. "దాదాపు" అని ఎందుకంటున్నానంటే, దీన్ని తూచి నమ్మలేం. నీటిలో ఉండే సేంద్రియ పదార్థాన్ని అది నెమ్మదిగా తింటూ గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్‌ను వదులుతుంది. అందుకే ద్రావణాన్ని పావుగంట మరిగించి, చల్లార్చి, గ్లాస్ ఊల్ గుండా వడకట్టి, గోధుమ రంగు సీసాలో పెట్టండి. వడపోత కాగితం వాడితే కాగితాన్నే ఆక్సీకరణం చేస్తుంది.

తర్వాత ఆక్జాలిక్ ఆమ్లంతో దీని అసలు గాఢత తేల్చండి. స్ఫటిక ఆక్జాలిక్ ఆమ్లం 1.576 గ్రాములు కచ్చితంగా తూచి 250 మి.లీ. కు చేస్తే 0.05 మోలార్. ఇందులో 20 మి.లీ. పిపెట్ చేసి, ఒక టెస్ట్ ట్యూబ్ నిండా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేయండి. కుప్పెను చేత్తో పట్టుకుంటే కాలేంత వేడి, మరగనంత వేడి. మొదటి చుక్కల రంగు వెంటనే పోదు. కంగారుపడి ఇంకా పోయకండి, ఊపుతూ ఆగండి. కొంచెం మాంగనస్ అయాన్ పుట్టిందంటే అదే ఉత్ప్రేరకమై చర్యను పరుగెత్తిస్తుంది. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే అదే తుది బిందువు. పర్మాంగనేట్ ముదురు రంగు కనుక బ్యూరెట్‌లో కింది వంపు కనిపించదు, పై అంచునే చదవండి. మొదలూ చివరా రెండూ పై అంచే కావాలి.

20.4 మి.లీ. వచ్చిందనుకుందాం. ఆక్జాలిక్ ఆమ్లం 20 × 0.05 = 1.00 మిల్లీమోల్, అది ఇచ్చే ఎలక్ట్రాన్లు 2.00 మిల్లీమోల్. వాటిని 5 తో భాగిస్తే పర్మాంగనేట్ 0.400 మిల్లీమోల్. 0.400 ÷ 20.4 = 0.01961 మోలార్. మిగతా అన్ని లెక్కలకూ ఈ సంఖ్యే వాడదాం. ఒక సంగతి గమనించండి. ఈ గాఢతను తేల్చడంలో ఇనుము ఎక్కడా రాలేదు. అది ముఖ్యం. మోర్ లవణంతోనే పర్మాంగనేట్‌ను ప్రమాణీకరించి, దానితో మళ్లీ ఇనుమును పరీక్షిస్తే నార్మాలిటీ దగ్గర చెప్పిన చిక్కే వస్తుంది.

మొదటి ప్రయోగం: ఇనుము

మోర్ లవణం లేత ఆకుపచ్చగా, పొడిగా ఉండాలి. పసుపుగానో గోధుమ రంగుగానో మారిన పాత డబ్బా అయితే అందులో కొంత ఇనుము ముందే ఫెర్రిక్ అయిపోయిందని అర్థం, పక్కన పెట్టండి. 9.80 గ్రాములు తూచండి. ఘనపరిమాణ కుప్పెలో ముందు 50 మి.లీ. దాకా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, తర్వాత లవణం వేసి, ఆ పైన నీళ్లతో 250 మి.లీ. గీత దాకా నింపండి. ఆమ్లం లేకుండా ఒట్టి నీళ్లలో కరిగిస్తే ఫెర్రస్ జలవిశ్లేషణ చెంది, గాలి తగిలి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇప్పుడు మీ దగ్గర 0.100 మోలార్ ఫెర్రస్ ద్రావణం ఉంది. దీన్ని ఆ రోజే వాడేయండి.

20 మి.లీ. పిపెట్ చేసి, మళ్లీ ఒక టెస్ట్ ట్యూబ్ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపండి. ఈసారి వేడి చేయకూడదు. వేడి చేస్తే గాలిలోని ఆక్సిజనే ఫెర్రస్‌ను ఫెర్రిక్ చేస్తుంది, ఆ ఎలక్ట్రాన్లు బ్యూరెట్ లెక్కలోకి రావు. దగ్గర 5 మి.లీ. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటే పోయండి. ఫెర్రిక్ అయాన్ పసుపు రంగును అది పోగొడుతుంది, లేత గులాబీ రంగు స్పష్టంగా కనిపిస్తుంది.

ఫాస్ఫారిక్ ఆమ్లం చేసే పని రంగు పోగొట్టడం ఒక్కటే కాదు. ఫెర్రిక్‌ను అది గట్టిగా పట్టుకుంటుంది గనుక ఫెర్రస్ ఎలక్ట్రాన్ ఇవ్వడానికి మరింత సిద్ధంగా ఉంటుంది. ఈ గుణాన్ని పట్టుకుని విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జి. గోపాలరావు గారు, ఆయన శిష్యులు 1960ల్లో గొప్ప పని చేశారు. గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఫెర్రస్‌ను బలమైన క్షయకరణిగా, అంటే ఎలక్ట్రాన్లు ఇచ్చేదిగా వాడి, యురేనియాన్ని సైతం దానితో అంచనా వేశారు. రెడాక్స్ టైట్రేషన్లలో తెలుగు నేల మీద జరిగిన ఈ పని మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. తెలియాలి.

ఇక రీడింగు. వరుసగా రెండుసార్లు ఒకే విలువ వచ్చేదాకా చేయండి. 20.3 మి.లీ. వచ్చిందనుకోండి. పర్మాంగనేట్ 20.3 × 0.01961 = 0.398 మిల్లీమోల్. ఎలక్ట్రాన్లు 0.398 × 5 = 1.99 మిల్లీమోల్. ఇనుము 20 × 0.100 = 2.00 మిల్లీమోల్. 1.99 ÷ 2.00 = 0.995. అంటే 1. మోర్ లవణంలో ఇనుము +2 గా ఉంది కనుక అది +3 కి చేరింది.

1846లో ఫ్రాన్స్‌లో మార్గెరిట్ ఇనుమును పర్మాంగనేట్‌తో అంచనా వేసే పద్ధతి తెచ్చాడు. అప్పటికి ఎలక్ట్రాన్ ఇంకా కనుక్కోబడలేదు. ఆ రోజుల్లో ఇది ఖనిజంలో ఇనుము ఎంతుందో చెప్పే పద్ధతి మాత్రమే. అదే ప్రయోగం ఇప్పుడు మన చేతిలో ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే సాధనమైంది.

సంఖ్య సరిగ్గా రాకపోతే

మీకు 1.2 వచ్చిందనుకోండి. ముందు అడగాల్సిన ప్రశ్న: ఏ ఆమ్లం పోశారు? సీసా మీద చీటీ సరిగ్గా చూడక హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే, ఇనుము చర్య జరుగుతుండగానే క్లోరైడ్ కూడా ఆక్సీకరణం చెంది క్లోరిన్ అవుతుంది, పర్మాంగనేట్ ఎక్కువ ఖర్చవుతుంది. మీ దగ్గరున్న లోహ ద్రావణం తప్పనిసరిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనే ఉంటే పర్మాంగనేట్ మానేసి డైక్రోమేట్ తీసుకోండి. చల్లని సజల ద్రావణంలో అది క్లోరైడ్ జోలికి పోదు. దానికి డైఫినైల్ ఎమీన్ సూచిక కావాలి, ఫాస్ఫారిక్ ఆమ్లం తప్పనిసరి. లెక్కలో 5 బదులు 6 వేయాలి.

కుప్పెలో గోధుమ రంగు మడ్డి కనిపిస్తే ఆమ్లం చాలలేదు. మాంగనీసు +2 దాకా దిగకుండా +4 దగ్గర డయాక్సైడ్‌గా ఆగిపోయింది. అప్పుడు పర్మాంగనేట్ తీసుకున్నది 5 కాదు, కొంత 3, కొంత 5. ఆ రీడింగును ఏ లెక్కా కాపాడలేదు. పారబోసి మళ్లీ చేయండి.

0.9, 0.85 లాంటివి వస్తే లవణం పాతది, లేదా ద్రావణం చాలాసేపు నిలవుంది. బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉండి టైట్రేషన్ మధ్యలో జారిపోతే మాత్రం సంఖ్య పెరుగుతుంది, ఇది మొదటి రీడింగులోనే ఎక్కువగా జరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న మాత్రం ఇది: కుప్పెలో ఎలక్ట్రాన్లు ఇవ్వగలిగింది మీ లోహం ఒక్కటేనా? దీనికి మన పక్కనే మంచి ఉదాహరణ ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతలకు వాడే రంగును బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుము నానబెట్టి, రోజుల తరబడి పులియబెట్టి తీస్తారు. ఆ నీళ్లలో ఇనుము ఎక్కువగా ఫెర్రస్ రూపంలో ఉంటుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీస్తే కరక్కాయలోని టానిన్‌తో కలిసి, గాలి తగిలి, ఫెర్రిక్ స్థితికి చేరి చిక్కటి నలుపు అవుతుంది. కళ్లముందే ఆక్సీకరణ సంఖ్య మారుతున్నట్టు. మరి ఆ నీళ్లు 20 మి.లీ. తెచ్చి పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేస్తే? గులాబీ రంగు వస్తూ పోతూ ఉంటుంది. మిగిలిన చక్కెర, పులియడంలో పుట్టిన పదార్థాలు అన్నీ పర్మాంగనేట్‌ను తినేస్తాయి. వచ్చే సంఖ్య ఇనుముది కాదు. ప్రాజెక్టు కోసం ఇలాంటి సహజ ద్రావణాలను ఎంచుకునే విద్యార్థులు ఏటా ఉంటారు. ఆసక్తి మెచ్చుకోదగ్గదే, కానీ సేంద్రియ పదార్థాన్ని ముందు పూర్తిగా తొలగించకుండా ఈ పద్ధతి అక్కడ పనికిరాదు.

అసలు అందం వనేడియంలో ఉంది

ఇనుముకు జవాబు ముందే తెలుసు కనుక అది సాధన మాత్రమే. జవాబు తెలియనట్టు చేయాలంటే వనేడియం తీసుకోండి. ఒకే లోహం, ఒకే పర్మాంగనేట్, కానీ మీరు దాన్ని దేనితో క్షయకరణం చేశారన్న దాన్ని బట్టి బ్యూరెట్ వేర్వేరు సంఖ్యలు చెబుతుంది.

అమోనియం మెటావనేడేట్ 1.46 గ్రాములు తూచండి. వనేడియం లవణాలు విషం, పొడి ముక్కులోకి పోకుండా మాస్కు, చేతికి గ్లోవ్స్ ఉండాలి. 25 మి.లీ. 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేస్తూ కరిగించండి, అమోనియా వాసన వస్తుంది. చల్లారాక 150 మి.లీ. 2 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలోకి కలుపుతూ పోయండి. ద్రావణం పసుపు రంగుకు వస్తుంది. నీళ్లతో 250 మి.లీ. చేయండి. ఇది 0.050 మోలార్, ఇందులో వనేడియం +5. 20 మి.లీ. తీస్తే సరిగ్గా 1.00 మిల్లీమోల్ వనేడియం వస్తుంది. ఈ గాఢత కావాలనే పెట్టాను, చివర భాగహారం 1 తో ఉంటుంది.

మొదట సల్ఫైట్‌తో చేయండి. 20 మి.లీ. లో అర గ్రాము సోడియం సల్ఫైట్ వేస్తే ఆమ్లంలో సల్ఫర్ డయాక్సైడ్ పుట్టి, పసుపు ద్రావణం ఆకుపచ్చ మీదుగా నీలం అవుతుంది. ఇప్పుడు మిగిలిన సల్ఫర్ డయాక్సైడ్‌ను పూర్తిగా వెళ్లగొట్టాలి, లేకపోతే అదీ ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఫ్యూమ్ హుడ్ కింద పావుగంట మరిగించండి. ఆమ్ల డైక్రోమేట్‌లో తడిపిన కాగితాన్ని ఆవిరిలో పెట్టినప్పుడు అది ఆకుపచ్చగా మారకపోతే సల్ఫర్ డయాక్సైడ్ పోయినట్టు. తర్వాత 60, 70 డిగ్రీల వేడిలో టైట్రేట్ చేయండి. చివర్లో ఈ చర్య నెమ్మదిస్తుంది కనుక వేడి అవసరం. తుది బిందువు దగ్గర కుప్పెలో పసుపు ఉంటుంది, దాని మీద గులాబీ పడితే నారింజ ఛాయ కనిపిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లు దీన్ని దాటిపోతారు. పక్కన ఒట్టి పసుపు ద్రావణం ఒక కుప్పెలో పెట్టుకుని పోల్చండి.

10.3 మి.లీ. వచ్చిందనుకుందాం. 10.3 × 0.01961 × 5 = 1.01 మిల్లీమోల్ ఎలక్ట్రాన్లు. వనేడియం 1.00. మార్పు 1. పర్మాంగనేట్ వనేడియాన్ని తిరిగి +5 కే చేరుస్తుంది, కాబట్టి ఆ నీలం ద్రావణంలో ఉన్నది 5 లో ఒకటి తక్కువ, +4.

ఇప్పుడు జింకు. మరో 20 మి.లీ. కు 20 మి.లీ. 2 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, సుమారు 3 గ్రాముల జింకు ముక్కలు వేసి, మూతికి దూది వదులుగా పెట్టి, కొంచెం వేడి చేయండి. హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి మంటతో కాకుండా వేడి నీళ్ల తొట్టిలో పెట్టి చేయండి. రంగులు చూస్తూ ఉండండి: పసుపు, ఆకుపచ్చ, నీలం, మళ్లీ ఆకుపచ్చ, చివరికి ఊదా. మొదటి ఆకుపచ్చ పసుపూ నీలమూ కలిసినది మాత్రమే. రెండోది నిజంగా +3 వనేడియం రంగు. ఈ తేడా చాలా రికార్డుల్లో కనిపించదు.

ఊదా ద్రావణం గాలిని ఓర్చుకోదు. వడకట్టి, తీరిగ్గా బ్యూరెట్ నింపుకుని మొదలుపెడితే మార్పు 3 కు బదులు 2.8 కూడా రావచ్చు. దీనికి మంచి ఉపాయం ఉంది. ఇంకో కుప్పెలో 0.2 మోలార్ ఫెర్రిక్ అమోనియం సల్ఫేట్ ఆమ్ల ద్రావణం 25 మి.లీ., 5 మి.లీ. ఫాస్ఫారిక్ ఆమ్లం ముందే పోసి ఉంచండి. ఊదా ద్రావణాన్ని గ్లాస్ ఊల్ గుండా నేరుగా అందులోకి వడకట్టండి. వనేడియం తన ఎలక్ట్రాన్లలో రెండింటిని వెంటనే ఫెర్రిక్‌కు ఇచ్చి +4 అవుతుంది, ఫెర్రిక్ ఫెర్రస్ అవుతుంది. గాలికి వనేడియం +2 కన్నా ఫెర్రస్ ఎంతో నిలకడైనది. బ్యాంకులో డిపాజిట్ చేసిన డబ్బులా ఆ ఎలక్ట్రాన్లు ఫెర్రస్ పేరిట భద్రంగా ఉంటాయి, మొత్తం మాత్రం మారదు. జింకు ముక్కలను మరిగించి చల్లార్చిన ఆమ్లం నీళ్లతో కడిగి ఆ కడుగు కూడా అందులోనే కలపండి. ఒక్క జింకు ముక్క కూడా కుప్పెలో పడకూడదు, పడితే అది టైట్రేషన్ మధ్యలోనూ క్షయకరణం చేస్తూనే ఉంటుంది. ఇక ఆలస్యం చేయకుండా టైట్రేట్ చేయండి. చాలావరకు చల్లగానే పోసి, చివరి రెండు మూడు మి.లీ. కి మాత్రం వేడి చేయండి.

వనేడియం లేకుండా, అదే జింకు, అదే ఆమ్లం, అదే ఫెర్రిక్ ద్రావణంతో ఒక ఖాళీ ప్రయోగం తప్పక చేయండి. జింకులో ఇనుము కల్తీగా ఉంటుంది, అది కూడా లెక్కలోకి వస్తుంది. వనేడియానికి 30.6, ఖాళీ ప్రయోగానికి 0.3 వచ్చాయనుకోండి. తేడా 30.3. 30.3 × 0.01961 × 5 = 2.97. మార్పు 3. ఊదా ద్రావణంలో వనేడియం +2.

సల్ఫైట్‌తో పది దగ్గర, జింకుతో ముప్పై దగ్గర. బ్యూరెట్ మీద ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపితే, ఒక్క బోర్డు సమీకరణం అవసరం లేకుండా ఒకటి, మూడు అనే తేడా విద్యార్థికి అర్థమవుతుంది. ల్యాబుకు మెటావనేడేట్ తెప్పించమని ఉపాధ్యాయులను గట్టిగా కోరుతున్నాను. ఒక చిన్న సీసా చాలా బ్యాచ్‌లకు సరిపోతుంది.

ఎలక్ట్రాన్లు తీసుకునే లోహమైతే: రాగి

పైన రెండు లోహాలూ ఎలక్ట్రాన్లు ఇచ్చేవి. రాగి +2 తీసుకుంటుంది, కనుక దారి కొంచెం చుట్టు. రాగి అయాన్‌కు పొటాషియం అయొడైడ్ కలిపితే అది అయొడైడ్ నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, అయొడిన్ విడుదలవుతుంది. ఆ అయొడిన్‌ను థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే రాగి ఎన్ని తీసుకుందో తెలుస్తుంది.

మైలుతుత్తం (స్ఫటిక కాపర్ సల్ఫేట్) 3.12 గ్రాములు 250 మి.లీ. లో, అంటే 0.05 మోలార్. 20 మి.లీ. కి కొంచెం ఎసిటిక్ ఆమ్లం, 10 శాతం అయొడైడ్ ద్రావణం 10 మి.లీ. కలపండి. గాఢత తెలిసిన 0.05 మోలార్ థయోసల్ఫేట్‌తో మొదలుపెట్టి, గోధుమ రంగు గడ్డి రంగుకు వచ్చాకే పిండి ద్రావణం వేయండి. నీలం పోబోతుండగా ఒక గ్రాము పొటాషియం థయోసయనేట్ వేస్తే, తెల్లని అవక్షేపానికి పట్టి ఉన్న అయొడిన్ కూడా బయటికి వస్తుంది. నీలం పోయి, కుప్పెలో పాలలాంటి తెలుపు మిగిలితే తుది బిందువు. ఆ తర్వాత ఎప్పటికో నీలం తిరిగి వస్తే పట్టించుకోకండి, అది గాలి పని.

20 మి.లీ. దగ్గర వస్తుంది. థయోసల్ఫేట్ 1.00 మిల్లీమోల్, ఒక్కోటి ఒక ఎలక్ట్రాన్. రాగి 1.00 మిల్లీమోల్. మార్పు 1, ఈసారి కిందికి: +2 నుంచి +1. రాగి అంటే +2, లేదంటే లోహం అనుకునేవాళ్లకు ఇది మంచి సవాలు. రాగి లోహం దాకా దిగి ఉంటే 40 మి.లీ. ఖర్చయ్యేది. అడుగున ఉన్న తెల్లని అవక్షేపం క్యూప్రస్ అయొడైడ్ అని బ్యూరెట్టే సాక్ష్యం చెబుతోంది.

రికార్డులో, సింకు దగ్గర

రికార్డులో సూత్రం రాసి విలువలు దింపకండి. నాలుగు వరుసలు చాలు: లోహం మిల్లీమోల్స్, రెండో పదార్థం మిల్లీమోల్స్, చేతులు మారిన ఎలక్ట్రాన్ల మిల్లీమోల్స్, వాటి నిష్పత్తి. నిష్పత్తిని వచ్చినట్టే రాయండి, 2.97 వస్తే 2.97 అనే. పక్కన 3 కి ఎందుకు సర్దారో, తేడా ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఒక వాక్యం రాయండి. 1.5 లాంటిది వస్తే బలవంతంగా పూర్ణాంకం చేయవద్దు. రెండు స్థితులు కలిసి ఉండవచ్చు. సగం క్షయకరణం చెందిన వనేడియం నిజంగానే అలాంటి సంఖ్య ఇస్తుంది. సగం +4, సగం +3 ఉంటే సగటు మార్పు 1.5 అవుతుంది.

వనేడియం, రాగి, క్రోమియం ద్రావణాలను సింకులో పోయకండి. ఊరి కాలువలు పారేది స్వర్ణముఖి వైపు. ఒక్కో లోహానికి విడిగా ప్లాస్టిక్ డబ్బా పెట్టి, పేరు రాసి, ల్యాబ్ అసిస్టెంటుకు అప్పగించండి. పర్మాంగనేట్ మరకలు బ్యూరెట్‌లో గోధుమ రంగుగా మిగిలితే, టైట్రేషన్‌లో మిగిలిన ఆక్జాలిక్ ఆమ్లంలో కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి తొలపండి. నిమిషంలో పోతాయి. తర్వాత స్వేదనజలంతో కడిగి, స్టాప్‌కాక్ తెరిచి, తలకిందులుగా స్టాండుకు బిగించి వెళ్లండి.